నడిచేవాడు, నడవనివాడు

ఆదివారం ఉదయం ఏడింటికి కాఫీ తాగి, ఏడున్నరకల్లా పుస్తకాల అలమరా దులపడం మొదలుపెట్టాలని మేడమ్ నిశ్చయించుకుంది. ఏడుంపావుకు అల్లుడు వచ్చాడు. ఆ రోజు దుమ్ము అలమరాలోనే ఉండిపోయింది.

మేడమ్ ముప్పైమూడేళ్ళు కాలేజీలో తర్కశాస్త్రం బోధించి రిటైరయిన మనిషి. వీధివాళ్ళు చాటున తర్కం మేడమ్ అనీ, ఎదురుగా మేడమ్ అనీ అంటారు. ఆవిడ దగ్గర "అందరూ అనుకుంటున్నారు" అన్నవాళ్ళు ఆ అందరూ ఎందరో చెప్పవలసి వస్తుంది గనుక, వీధిలో పుట్టిన పుకార్లు ఆ గుమ్మం దాకా వచ్చి పక్కకు తిరిగి పోతుంటాయి. భర్త పుస్తకాల బైండరు. ఇంటి ముందుగదే ఆయన దుకాణం. ఆయన మడిచిన అచ్చు ఫారాలు కుడితే, తమ్ముడు అట్టలు వేసి పుస్తకం వీపు మీద బంగారు రేకుతో పేర్లు అద్దుతాడు. కాబట్టి ఒకరు పెద్ద బైండరు, ఒకరు చిన్న బైండరు. చిన్న బైండరు పెళ్ళి చేసుకోలేదు. మేడమ్ కాపురానికి వచ్చేనాటికి అతనికి పన్నెండేళ్ళు; ఇప్పుడు యాభై దాటాయి. వదిన నోట వచ్చిన మాట అతనికి అచ్చయిన పుస్తకంతో సమానం. అందులో తప్పులుంటే అవి కూడా పాఠ్యభాగమే.

అన్నదమ్ములిద్దరూ సిగరెట్లు కాల్చేవారు. కాగితం ఉన్నచోట నిప్పు కూడదు గనుక పెరట్లో అరుగు మీదే కాల్చేవారు. మూడు నెలల కిందట ఇనప ప్రెస్సును ఒంటరిగా జరపబోయి పెద్ద బైండరు పొత్తికడుపు పక్కన ఒక ఉబ్బు తెచ్చుకున్నాడు. హెర్నియా అన్నారు. ఆపరేషను తప్పదనీ, ఆలస్యం చేస్తే పేగు అందులో చిక్కుకుని ప్రాణం మీదికి రావచ్చనీ అన్నారు. అయితే మత్తు డాక్టరమ్మ ఆయన ఛాతీ విని స్టెతస్కోపు తీసేసింది. "ఆరు వారాల పాటు ఒక్క సిగరెట్టు కూడా ముట్టకుండా రండి, అప్పుడు మత్తిస్తాను. ఈ దగ్గుకి లోపల వేసిన కుట్లు నిలవవు" అని చెప్పి పంపేసింది.

ఆనాటి నుంచి ఆయన రేపు మానేస్తానని రోజూ అంటూనే ఉన్నాడు. దగ్గు వచ్చినప్పుడల్లా ఆయన చెయ్యి పొత్తికడుపు మీదికి పోయేది; ఇవతలి గదిలో మేడమ్ చేతిలోని పుస్తకం పేజీ తిరగడం ఆగిపోయేది. ఈ రెండింటికీ కార్యకారణ సంబంధం ఉన్నదని ఆవిడ ఎవరి దగ్గరా ఒప్పుకోలేదు.

అల్లుడు వ్యాయామశాల నడుపుతాడు. మంచివాడు. లోకంలోని సమస్త దుఃఖమూ తగినంత చెమట పట్టకపోవడం వల్ల కలుగుతున్నదని అతని విశ్వాసం. చేతిలో కొత్తగా అచ్చువేయించిన కరపత్రం ఉంది.

"అత్తయ్యగారూ, ఇది చూడండి. మామయ్యగారి సంగతి తేలిపోయినట్టే. మా దగ్గర ఆరు నెలల కోర్సు పూర్తిచేసిన పొగరాయుళ్ళలో నూటికి డెబ్భై మంది సిగరెట్టు మానేశారు."

మేడమ్ కళ్ళజోడు పెట్టుకుంది. గదిలో గాలి కాస్త చల్లబడింది.

"కూర్చోండి అల్లుడుగారూ. పూర్తిచేసినవాళ్ళు ఎంతమంది?"

"పది మందండీ."

"చేరినవాళ్ళు?"

"అరవై."

"తక్కిన యాభై మందీ?"

"మధ్యలో మానేశారండీ."

"సిగరెట్టా, వ్యాయామమా?"

అల్లుడు కాఫీ కప్పులోకి చూశాడు. "వ్యాయామమే."

"ఆ ఏడుగురూ మానేశారని ఎవరు చెప్పారు?"

"వాళ్ళేనండీ. మా ట్రైనర్లు అందరిముందూ నిలబెట్టి మరీ అడిగారు."

"అందరిముందూ నిలబెట్టి అడిగితే నేనూ చెప్తాను, నేను పర్వతాలెక్కానని" అని మేడమ్ కరపత్రాన్ని మడత పెట్టింది. "ఆరు నెలలు తెల్లవారుజామున లేచి రాగలిగిన పట్టుదల ఉన్నవాడికి సిగరెట్టు మానే పట్టుదలా ఉండొచ్చు. వ్యాయామం మాన్పించిందో, మానగలిగినవాడే వ్యాయామానికి నిలబడ్డాడో మీ కాగితం చెప్పదు. ఇదెలా ఉందంటే, లైబ్రరీలో వందేళ్ళ పుస్తకాలన్నిటికీ గట్టి అట్టలే ఉన్నాయి కాబట్టి, గట్టి అట్ట వేస్తే పుస్తకానికి వందేళ్ళు వచ్చేస్తాయన్నట్టు."

"అదే నిజమైతే నేను గిరాకీలకి పుట్టినరోజులు కూడా కుట్టి ఇద్దును" అన్నాడు ముందుగది నుంచి పెద్ద బైండరు.

కూతురు భర్త వెనకే వచ్చి గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మా, నువ్వు ప్రతిదానికీ ఇలా ఈకలు పీకుతావు. నాన్న నడిస్తే నష్టమేంటి?"

"నడిస్తే నష్టమని నేనన్నానా? వేగంగా నడిస్తే ఆ కాసేపూ కాల్చాలన్న యావ తగ్గుతుందంటే నమ్ముతాను. కాసేపు యావ తగ్గడం వేరు, అలవాటు పూర్తిగా మానడం వేరు. నాకు కావలసింది రెండోది." ఆవిడ కరపత్రాన్ని అల్లుడి చేతికిచ్చేసింది. "సరే, పరీక్షిద్దాం. ఈ ఇంట్లో ఒకే పని, ఒకే తిండి, ఒకే అరుగు మీద ఒకే రకం సిగరెట్టు కాల్చే ఇద్దరు మనుషులున్నారు. ఒకరు నడుస్తారు, ఒకరు నడవరు. ఆరు వారాల తర్వాత చూద్దాం."

అన్నదమ్ములిద్దరినీ పిలిచి పక్కపక్కన నిలబెట్టింది.

"రోజుకెన్ని కాలుస్తారు?"

"ఓ పదుంటాయి" అన్నాడు పెద్ద బైండరు పైకప్పు చూస్తూ.

చిన్న బైండరు అన్న ముఖంలోకి చూశాడు. "నాకూ పదే వదినా."

అన్న కాల్చేవి పదిహేను, తమ్ముడివి నాలుగు. ఒకరు భయం కొద్దీ అయిదు దాచారు, ఇంకొకరు మర్యాద కొద్దీ ఆరు కలిపారు. ఇద్దరినీ ఒకరి ఎదుట ఒకరిని పెట్టి అడగడం మేడమ్ చేసిన మొదటి తప్పు. అందరిముందూ నిలబెట్టి అడిగినందుకు అల్లుణ్ణి తప్పుపట్టి అప్పటికి పావుగంట కూడా కాలేదు.

రెండో తప్పు ఆ వెంటనే జరిగింది. "ఏమయ్యా, నువ్వు ఇప్పుడెలా ఉన్నావో అలాగే ఉండాలి. ఒక్కటి తగ్గినా, ఒక్కటి పెరిగినా మీ అన్నయ్య లెక్కంతా పనికిరాకుండా పోతుంది. తెలిసిందా?"

"పదికి పదీ కాలుస్తాను వదినా" అని చిన్న బైండరు మాట ఇచ్చాడు.

రెండు జిగురు డబ్బాలను కడిగి ఆరబెట్టారు. కాల్చిన ముక్కలను ఎవరి డబ్బాలో వారు వేయాలి. రాత్రి భోజనానికి ముందు మేడమ్ లెక్కపెట్టి నోటుబుక్కులో రాస్తుంది. చిన్న బైండరు తన పనితనమంతా చూపి, డబ్బాల మీద బంగారు అక్షరాలు అద్దాడు. ఒకదాని మీద 'నడిచేవాడు'. రెండోదాని మీద 'నడవనివాడు'.

పెద్ద బైండరు మర్నాటి నుంచే నడకకు బయలుదేరాడు, ఉదయం ఒకసారి, సాయంత్రం ఒకసారి. ఇంత ఇష్టంగా బయలుదేరుతాడని ఎవరూ ఊహించలేదు. నాలుగు వీధుల అవతల పార్కులో నీళ్ళ ట్యాంకు వెనక ఒక బెంచీ ఉంది. ఆయన అక్కడిదాకా నిజంగానే చురుగ్గా నడిచేవాడు. అక్కడ కూర్చుని రెండో మూడో కాల్చి, పిప్పరమెంటు బిళ్ళ నోట్లో వేసుకుని, అంతే చురుగ్గా తిరిగి వచ్చేవాడు. ఆ ముక్కలు పార్కు చెత్తబుట్టకు చెందేవి. పుస్తకాల ఫారాలు కుట్టే పని పూర్తిగా మానలేడు గనుక, మిగిలినవి మాత్రం ఇంట్లో అరుగు మీద కాల్చి, నిజాయితీగా తన డబ్బాలో వేసేవాడు. మొదటి వారం మేడమ్ నోటుబుక్కులో నడిచేవాడికి పది, తొమ్మిది, పది అని పడింది. ఆవిడ పెదవి విరవలేదు, విరిచినంత పని చేసింది.

చిన్న బైండరు పరిస్థితి దయనీయంగా ఉంది. నాలుగు కాల్చే మనిషి పది కాల్చాలి. ఉదయం లేస్తూనే రెండు, టిఫిను కాగానే రెండు, అట్టలకు జిగురు ఆరేలోపు రెండు. సాయంత్రం అయ్యేసరికి కళ్ళు తిరిగేవి. బంగారు అక్షరాలు వంకరపోయాయి. ఒక న్యాయవాది తెచ్చిన చట్టాల సంపుటాలకు నాలుగోది మూడుగానూ, మూడోది మళ్ళీ మూడుగానూ పడింది. పదకొండో రోజు సాయంత్రం అతను అరుగు మీద మూడు సిగరెట్లను వరసగా పేర్చుకుని, పరీక్ష హాల్లో ఆఖరి ప్రశ్నలు రాని విద్యార్థిలా కూర్చుని ఉండగా అన్న చూశాడు.

"ఏంరా, అలా ఉన్నావు?"

"నా వల్ల కావట్లేదన్నయ్యా. దీని వాసనకే కడుపులో తిప్పుతోంది. ఇంకా మూడున్నాయి."

"మానెయ్యి మరి."

"వదినకి మాటిచ్చాను. ఒక్కటి తగ్గినా నీ లెక్క పాడవుతుందట."

పెద్ద బైండరు తమ్ముడి పక్కన కూర్చున్నాడు. తమ్ముడి కష్టంలో అన్న పాలు పంచుకోవాలని పెద్దలు చెప్పారు. ఆయన ఆ మూడింటినీ కాల్చి, ముక్కలు 'నడవనివాడు' డబ్బాలో వేశాడు.

"రేపటినుంచి నీవి కూడా నేనే చూసుకుంటానులే. నువ్వు హాయిగా ఉండు. వదినతో అనకు."

"అబద్ధం అవుతుందేమో."

"డబ్బాలో పది ముక్కలుండాలంది. ఎవరు కాల్చాలని చెప్పిందా?"

ముప్పైమూడేళ్ళు తర్కశాస్త్రం నడిచిన ఇల్లది; కొంత గోడలకు అంటింది.

ఆ రోజుతో చిన్న బైండరు సిగరెట్టు ముట్టడం మానేశాడు. అన్న తన మొత్తం ఏమీ పెంచలేదు. వెనక పదిహేను, ఇప్పుడూ పదిహేను. పార్కులో అయిదు, తమ్ముడి డబ్బాకు పది, తన డబ్బాకు ఏమీ మిగిలేది కాదు. నోటుబుక్కులో మాత్రం నడిచేవాడి గీత పది నుంచి ఒక్కసారిగా సున్నాకు దిగింది. నడవనివాడి గీత బల్లపరుపుగా పది మీద నిలిచింది. ఇంతకంటె అందమైన పటాన్ని మేడమ్ పాఠ్యపుస్తకాల్లో కూడా చూసి ఉండలేదు. అదే ఆవిడకు అనుమానం కలిగించవలసింది. బట్టల మీద పొగవాసన రాకపోలేదు. కాని పది కాల్చే మరో మనిషి ఆ ఇంట్లోనే ఉండగా వాసనకు సాక్ష్యంగా విలువ లేదని ఆవిడే కొట్టివేసింది. దగ్గు తగ్గలేదు, మానిన కొత్తలో దగ్గు ఎక్కువవుతుందని అల్లుడు చెప్పాడు, ఆవిడ వైద్యగ్రంథం తీసి చూసింది, అందులోనూ అలాగే ఉంది.

అయిదో వారంలో ఆవిడ అల్లుడికి తానే ఫోను చేసింది. "అల్లుడుగారూ, ఇద్దరు మనుషుల ఫలితంతో లోకానికి ఏదీ రుజువు కాదు. కాని ఈ ఇంటివరకూ నేను పొరబడ్డాను."

అల్లుడు ఆ రెండు వాక్యాల్లో రెండోదాన్నే విన్నాడు. మూడు రోజుల్లో వీధి వీధినా రంగుల పోస్టరు వెలిసింది. అందులో మామగారు నిండుగా నవ్వుతున్నాడు. ఆయన బరువులెత్తకూడదు గనుక డంబెల్ అల్లుడు పట్టుకున్నాడు. కింద 'తర్కం మేడమ్ ఒప్పుకున్నారు' అని పెద్ద అక్షరాల్లో ఉంది. ఆదివారం వ్యాయామశాల వార్షికోత్సవంలో మేడమ్ ప్రసంగమని కూడా ఉంది. ఆ పోస్టరును చూసి ఇరవై ఇద్దరు కొత్తగా చేరారు.

మేడమ్ పోస్టరును ఖండిస్తూ ఒక లేఖ రాయడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది. పొరబడినందుకు సంతోషించడం ఆవిడకు కొత్త. లేఖకు బదులు ఆసుపత్రికి ఫోను చేసి, సున్నా పడిన నాటి నుంచి ఆరు వారాలు నిండాక వచ్చే గురువారానికి ఆపరేషను తేదీ తీసుకుంది. భర్తకు చెప్పింది. ఆయన చేతిలోని సూది రెండుసార్లు ఒకే కన్నంలో దూరింది.

వార్షికోత్సవానికి కూతురు మత్తు డాక్టరమ్మను పిలిచింది. ఊపిరి ఊదితే ఒంట్లో పొగ ఎంత ఉందో అంకెల్లో చూపించే చిన్న యంత్రాన్ని ఆవిడ తెచ్చింది. ట్రెడ్‌మిల్లులు గోడవార జరిపి, కుర్చీలు వేశారు. మేడమ్ వేదిక ఎక్కి, గీతల పటం విప్పి, తన ప్రయోగంలోని లోపాలను పదిహేను నిమిషాలు వివరించింది. జనం ఓర్చుకున్నారు.

"చివరగా ఒక మాట. ముక్కలు లెక్కపెట్టడం పరోక్ష సాక్ష్యం. యంత్రం ఉండగా పరోక్షంతో తృప్తిపడకూడదు. ఇద్దరూ వచ్చి ఊదండి."

పెద్ద బైండరు లేవలేదు. "ఇప్పుడెందుకులే, నాకు కాస్త జలుబు" అన్నాడు.

"జలుబుతో సంబంధం లేదండీ, రండి" అంది డాక్టరమ్మ.

ముందు చిన్న బైండరు ఊదాడు. యంత్రంలో రెండు అని వచ్చింది.

"ఈయన సిగరెట్లు కాల్చే మనిషి కాదు" అంది డాక్టరమ్మ.

"రోజుకి పది" అన్నాడు అల్లుడు.

పెద్ద బైండరు ఊదాడు. ముప్పై ఒకటి.

డాక్టరమ్మ యంత్రాన్ని తట్టి మళ్ళీ ఊదించింది. ముప్పై రెండు.

"తిరగేసి పట్టుకున్నారేమోనండీ" అన్నాడు అల్లుడు నీరసంగా.

మేడమ్ భర్త వైపు చూడలేదు. మరిది వైపు చూసింది. ఆ చూపు ముందు అతను పన్నెండేళ్ళవాడైపోయాడు.

"నేను మొదట్నుంచీ నాలుగే వదినా. అన్నయ్య పది అన్నాడు కదా, నాలుగంటే అన్నయ్య చిన్నబోతాడని. పది కాల్చి కాల్చి, దానిమీద రోత పుట్టి మానేశాను. నా డబ్బాలోవి అన్నయ్యవి. మీ లెక్క చెడకూడదని ఇద్దరం చాలా కష్టపడ్డాం."

మూడో వరసలో ఒక దర్జీ లేచాడు. "ఈ మానేసినాయన ఏం వ్యాయామం చేశాడండీ?"

"ఏమీ చెయ్యలేదు" అన్నాడు చిన్న బైండరు.

"అంటే వ్యాయామం చెయ్యకపోతే మానేస్తారన్నమాట."

కుర్చీలు కదిలాయి. ఒక వ్యక్తి సాక్ష్యంతో సిద్ధాంతం చెయ్యరాదని మేడమ్ మైకులో చెబుతూనే ఉంది. కొత్తగా చేరిన ఇరవై ఇద్దరిలో తొమ్మిది మంది పేర్లు కొట్టెయ్యమని బల్ల దగ్గర నిలబడ్డారు. ఆ సాయంత్రం దర్జీ ఇంకో ఇద్దరిని వెంటబెట్టుకుని ఇంటికి వచ్చాడు. "మేడమ్, మమ్మల్ని కూడా రోజుకి పది తప్పకుండా కాల్చమని గట్టిగా చెప్పండి. మా ఆవిడ చెప్తే పనిచెయ్యట్లేదు." ఆవిడ వాళ్ళకు కారణానికీ కాకతాళీయానికీ భేదం వివరించి పంపింది. వాళ్ళు వీధి మలుపులో ఆగి తలా ఒకటి ముట్టించారు.

గురువారానికి అనుకున్న ఆపరేషను రద్దయింది.

మేడమ్ ముందుగదిలోకి వెళ్ళింది. పెద్ద బైండరు కుట్టిన పుస్తకాన్నే మళ్ళీ విప్పి కుడుతున్నాడు.

"నేను అరవను. ఒక్కటే అడుగుతాను. ఎందుకు?"

"ఏమో."

"ఆరు వారాలు మానితే ఏమవుతుంది?"

"ఆపరేషను చేస్తారు."

"మానకపోతే?"

"చెయ్యరు."

మేడమ్ ఆ రెండు జవాబులనూ పక్కపక్కన పెట్టి చూసింది. తిండి చూసింది, పని చూసింది, అరుగు చూసింది, ముక్కలు కూడా లెక్కపెట్టింది. మనిషిని మాత్రం లెక్కలోకి తీసుకోలేదు. స్టూలు లాక్కుని ఆయన ఎదురుగా కూర్చుంది.

"భయమా?"

"మత్తిస్తే మళ్ళీ లేస్తానో లేదోనని." ఆయన దారం తెంపాడు. "నవ్వకు."

"ఎవరు నవ్వారు? నాతో ముందే అనొచ్చుగా."

"అంటే ఏం చెప్తావు? లేస్తారని నూటికి నూరుపాళ్ళూ చెప్పడానికి ఆధారం లేదంటావు. నాకు తెలుసుగా. అందుకే అడగలేదు."

లేవనివాళ్ళు బహుకొద్దిమంది అన్నది నిజం. పేగు చిక్కుకునేదాకా ఊరుకున్నవాళ్ళలో ఆ సంఖ్య పెరుగుతుందన్నదీ నిజం. ఆ రెండూ ఆవిడ నాలుక చివరనే ఉన్నాయి.

"లేస్తారు" అంది.

ఆయన తలెత్తాడు. "ఆధారం?"

"లేదు. నేను చెప్తున్నాను."

మర్నాడు ఉదయం ఆయన నడకకు బయలుదేరేసరికి ఆవిడ కూడా చెప్పులు తొడుక్కుని గేటు దగ్గర ఉంది. నీళ్ళ ట్యాంకు వెనక బెంచీని ఆవిడకు ఆయనే చూపించాడు. ఆ తర్వాతి ఆరు వారాలూ ఇద్దరూ ఉదయమూ సాయంత్రమూ నడిచారు. మొదటి పది రోజులూ ఆయన ప్రతి చిన్నదానికీ విసుక్కున్నాడు. ఆవిడ ప్రతి విసుగుకూ సమాధానం చెప్పింది. డబ్బాలు లేవు, నోటుబుక్కు లేదు. యంత్రంలో మూడు వచ్చింది. ఆపరేషను జరిగింది. ఆయన లేచాడు. లేచి, మంచం పక్కన కుర్చీలో పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకుని చదువుతున్న భార్యను చాలాసేపు చూశాడు, ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు.

నెల తిరక్కుండా అల్లుడు కొత్త పోస్టరు నమూనా తెచ్చాడు. "అత్తయ్యగారూ, ఇప్పుడైనా ఒప్పుకోండి. నడకే కదా మాన్పించింది?"

"నడకో, పక్కన నేనుండటమో, మీ చిన్నమామయ్య మానెయ్యడంతో అరుగు మీద తోడు లేకపోవడమో, భయం పోవడమో, ఎలా చెప్తారు? అన్నీ ఒకేసారి జరిగాయి. విడదీసి చూడాలి." ఆవిడ భర్త వైపు తిరిగింది. "మార్గం ఉంది. ఇకనుంచి ఆరు వారాలు మీరొక్కరే నడవండి, నేను రాను. అప్పుడు తెలుస్తుంది."

చెప్పులు తొడుక్కుంటున్న పెద్ద బైండరు ఆగిపోయాడు. "వద్దులే. తేలకపోతే కొంప మునగదు. పద, ఎండెక్కుతుంది."

ఆవిడ అల్లుడికి మర్యాదగా చెప్పి లేచి, భర్త వెంట నడిచింది.

ఆ కారణంగా, వ్యాయామానికీ సిగరెట్టు మానడానికీ గల సంబంధం గురించి ఆ ఇంటి నుంచి నిర్ధారణగా చెప్పగలిగినది ఇప్పటికీ ఏమీ లేదు.